యార్డు మనిషి

గుంటూరు మిర్చి యార్డు నుంచి శివనాగరాజు ఇంటికొచ్చే వేళకి వీధి వైపు కిటికీలు మూసేసేవాళ్లు. మనిషిని రావద్దనడం మర్యాద కాదు గనక గాలిని రావద్దనేవాళ్లు.

ఇంటి వెనక సందులో చిన్న గేటు, గేటు పక్కన బాత్‌రూము, బయట మూతున్న బకెట్టు. బైకు దిగి, బట్టలు విప్పి ఆ బకెట్టులో వేసి మూత పెట్టాలి. సబ్బు రుద్దుకుని ఒకసారి, రుద్దుకున్నది చాలదేమోనని ఇంకోసారి పోసుకోవాలి. ఇంత చేశాక కూడా లోపలికి వెళ్లకూడదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ ఉంది, అక్కడ కూర్చోవాలి. ఆ వీధిలో అంత శుభ్రమైన మగవాడు ఇంకొకడు లేడు. అంత దూరంగా ఉన్నవాడూ లేడు.

దోమలు రాకుండా బిగించిన జాలీ తలుపుకి అవతల కూతురు, ఇవతల తను. కూతురి పేరు బిందుమాధవి. రెండో తరగతి. పేరు ముత్తవ్వది, గొంతు మాత్రం ఎవరిదో తెలియదు, అంత పెద్దది.

"నాన్నా, నేను స్కూల్ డే డాన్సులో ముందు వరసలో..." అంటూ హాల్లోంచి పరిగెత్తుకొచ్చింది. జాలీ దగ్గరికి రాగానే మాట మింగేసింది. నోరు మూసుకుని నిలబడింది. కాసేపటికి మొహం కందిపోయి, పెదాలు నేరేడు రంగుకి తిరిగి, ఒక్కసారిగా ఎగపోస్తూ వెనక్కి వెళ్లి సోఫాలో కూలబడింది.

"చూశావుటే దీప్తీ? ఇంతసేపూ బాగానే ఉంది. వచ్చీ రాగానే మొదలు," అంది సామ్రాజ్యం వంటింట్లోంచి. ఆవిడ శివనాగరాజుకి అత్తగారు. అల్లుడితో నేరుగా మాట్లాడదు. అల్లుడంటే అంత గౌరవం. చెప్పాల్సింది కూతురికో గోడకో చెబుతుంది, అల్లుడు విన్నాడో లేదో గడపలోంచి తొంగిచూస్తుంది.

దీప్తి ఇన్‌హేలర్ తీసుకుని పిల్ల పక్కన కూర్చుంది. శివనాగరాజు కుర్చీని నాలుగడుగులు వెనక్కి జరుపుకున్నాడు. ఇంకా వెనక్కి జరిగితే తులసి కోట.

రెండేళ్ల కిందట పిల్లకి ఆయాసమని చూపించడానికి వెళితే, పిల్లల డాక్టరు "తండ్రి ఏం చేస్తాడమ్మా?" అని అడిగాడు. మిర్చి యార్డులో గుమస్తా అని దీప్తి చెప్పగానే ఆయనకి ఇంకేం అడగాల్సిన అవసరం కనపడలేదు. స్టెతస్కోపు మెడలోనే ఉండిపోయింది, పెన్ను మాత్రం కదిలింది. గుంటూరులో మనిషి దగ్గితే కారణం వెతకరు. కారణం ఊరి చుట్టూ ఎర్రగా ఎండబోసి ఉంటుంది.

ఆదివారం పొద్దున దీప్తి తమ్ముడు ప్రేమ్‌చంద్ వచ్చాడు. మందుల కంపెనీలో ఇన్‌హేలర్లు అమ్మే ఉద్యోగం అతనిది. అతని లెక్కలో లోకంలో ఉన్నది రెండే రకాల మనుషులు. ఆయాసం ఉన్నవాళ్లు, ఆయాసం ఉన్నట్టు ఇంకా తెలియనివాళ్లు.

"బావా, దీన్ని ఎక్స్‌పోజర్ అంటారు," అన్నాడు మినపట్టు తుంచుతూ. "స్నానంతో పోదది. చర్మంలో ఉంటుంది. గోళ్లలో ఉంటుంది. నీ ఊపిరిలోనే ఉంటుంది."

"ఊపిరి కడుక్కోవడం కుదరదు కదయ్యా," అన్నాడు శివనాగరాజు వరండాలోంచి.

"అందుకే చెప్తున్నా. సీజన్ అయ్యేదాకా నువ్వు యార్డు దగ్గరే ఉండు. యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చాక వచ్చెయ్. పిల్ల కోసమేగా!"

ఆ చివరి మాటకి ఎవరి దగ్గరా జవాబు ఉండదు. అది తెలిసే అంటారు. శివనాగరాజు జాలీలోంచి దీప్తి వైపు చూశాడు. ఆమె పిల్లకి జడ వేస్తోంది. రిబ్బను ముడి వేసి, విప్పి, మళ్లీ వేసింది.

"పోనీ కొన్నాళ్లు చూద్దామండీ," అంది తలెత్తకుండా.

"పరుపు పాతది ఇవ్వవే, కొత్తది పాడవుతుంది," అంది సామ్రాజ్యం గోడతో.

అలా శివనాగరాజు తను పనిచేసే కమిషన్ కొట్టు మీదున్న గదిలోకి మారాడు. కిటికీ తెరిస్తే లారీలు, మూస్తే వేడి. అక్కడ స్నానం చేయకుండా ఎంతసేపైనా కూర్చోవచ్చు, అడిగేవాడు లేడు. ఆ స్వేచ్ఛని ఒక సాయంత్రం అనుభవించి చూశాడు. మర్నాటి నుంచి మళ్లీ రెండుసార్లు పోసుకోవడం మొదలుపెట్టాడు. ఎవరి కోసమో అతనికే తెలియదు.

పగలంతా పని ఉండేది, అది నయం. మార్చి నెల. యార్డులో ఎటు చూసినా టిక్కీలు, అంటే మిరప బస్తాలు, గోడల్లా పేర్చి ఉండేవి. శివనాగరాజు టిక్కీ నోరు విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చేవాడు. అడుగునుంచి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించేవాడు. గలగలమంటే ఎండినట్టు, మెత్తగా ఊరుకుంటే రైతు నీళ్లు చల్లినట్టు. పైన మంచి కాయ పోసి కింద తాలు కాయ దాచిన టిక్కీ అతని చేతిని మోసం చేయలేదు. మోసం చేసిన రైతు మొహం చూడకుండానే "ఇంకో రోజు ఆరబెట్టుకో మావా" అనేవాడు. అరవడం అతనికి రాదు. యార్డులో అరవడం రానివాడు అతనొక్కడే.

హమాలీ మేస్త్రి అంకారావు టిక్కీ మీద కూర్చుని టీ తాగుతూ అడిగాడు. "ఏరా నాగరాజూ, నిన్ను ఇంట్లోంచి గెంటేశారంటగా?"

"గెంటలేదు. కొన్నాళ్లు ఇక్కడుండమన్నారు."

"అదేరా చదువుకున్నోళ్లు గెంటడం. మావోళ్లైతే చెంబు విసిరేస్తారు, చెంబు తీసుకుని మళ్లీ లోపలికి పోవచ్చు. మీవోళ్లు పరుపు చుట్టి ఇస్తారు." టీ ఊదుకున్నాడు. "ఇంతకీ పిల్లకి తగ్గిందా, నువ్వొచ్చేశాక?"

ఆ ప్రశ్న శివనాగరాజు కూడా రోజూ ఫోన్లో అడుగుతున్నాడు.

"అలాగే ఉందండీ," అంది దీప్తి ఆ సాయంత్రం. "ఇవాళ మేడ మెట్లెక్కి పైకి రాలేకపోయింది. మధ్యలో కూర్చుండిపోయింది."

"నేను అక్కడ లేను కదా దీప్తీ."

అవతల సామ్రాజ్యం గొంతు వినపడింది, "తువ్వాలు సంగతి చెప్పవే" అని.

"అటక మీద మీ పాత తువ్వాలు ఒకటి దొరికిందండీ," అంది దీప్తి నీరసంగా. "అమ్మ అట్లకాడతో తీసి బయట పారేసింది. దాని వల్లేనేమోనని."

తువ్వాలు పోయింది. పిల్ల ఆయాసం పోలేదు. తర్వాత శివనాగరాజు చెప్పులు పోయాయి, పెళ్లినాటి సూటు పెట్టెతో సహా మేడ మీదికి పోయింది. అతను లేని ఇంట్లో అతన్ని వెతికి వెతికి బయటపడేస్తూనే ఉన్నారు.

గురువారం మధ్యాహ్నం స్కూలు నుంచి ఫోను వచ్చింది. దీప్తి వేరే బడిలో లెక్కల టీచరు. క్లాసులో ఉంటే ఫోను ఎత్తదు. అందుకని రెండో నంబరుకి చేశారు.

"బిందుమాధవి ఫాదర్ గారాండీ? డాన్సు ప్రాక్టీసులో పాప కళ్లు తిరిగి పడిపోయింది. కొంచెం త్వరగా రండి."

శివనాగరాజు చేయి అప్పటికి టిక్కీలో ఉంది. కడుక్కోలేదు. బైకు స్కూలు గేటు లోపలికి ఎలా వచ్చిందో, వాచ్‌మన్ ఏమన్నాడో గుర్తులేదు. స్టేజీ పక్కన చాప మీద పిల్ల పడుకుని ఉంది. చుట్టూ నెమలి ఈకలు కట్టుకున్న పిల్లలు నిలబడి చూస్తున్నారు. ఒక టీచరు మొహం మీద నీళ్లు చల్లుతోంది, ఇంకో టీచరు పొద్దున్న టిఫిన్ తినలేదేమో అంటోంది.

రెండు చేతులూ పిల్ల కింద పెట్టి ఎత్తాడు. ఎంత బరువుందో అతనికి తెలియదు. చివరిసారి ఎత్తుకున్నప్పటి బరువుకి సిద్ధమైన చేతులు ఒక్కసారి కిందికి జారి సర్దుకున్నాయి.

ఆటోలో పిల్ల కళ్లు తెరిచింది. మొహం మీద తండ్రి చొక్కా. ఎర్రటి ధూళి. గట్టిగా నోరు మూసుకుంది. భయపడుతోందనుకుని అతను చొక్కా విప్పి డ్రైవరు పక్కన పడేశాడు. బనీనుతోనే ఆసుపత్రి మెట్లెక్కాడు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పేరు ఫిజా అని బల్ల మీద రాసి ఉంది. చిన్న వయసు. పిల్లని మంచం మీద పడుకోబెట్టగానే ఆవిడకి తుమ్ము వచ్చింది. ఆ వెంటనే ఇంకొకటి. శివనాగరాజు గబగబా వెళ్లి తలుపు అవతల నిలబడ్డాడు.

"మీరెక్కడికి?"

"యార్డు నుంచి సరాసరి వచ్చానండి. నా వల్లే పాపకి ఇదంతా. నేనిక్కడి నుంచే చెప్తాను."

"పాప భయపడుతోంది. వచ్చి చెయ్యి పట్టుకోండి."

అతను రాలేదు. రెండోసారి కాస్త గట్టిగా చెప్పాక వచ్చాడు. మంచం చివర, పిల్ల బొటనవేలు మాత్రం పట్టుకున్నాడు.

ఫిజా స్టెతస్కోపు పెట్టి విన్నది. వీపు మీద ముందుగా, తర్వాత ఛాతీ మీద. ఛాతీ ఎడమ వైపు పైన పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని చాలాసేపు ఉండిపోయింది. ఫ్యాను ఆపించింది. మళ్లీ విన్నది.

"ఇంతకుముందు గుండె ఎవరూ వినలేదా?"

"ఆయాసం అన్నారండి. ఇన్‌హేలరు వాడుతున్నాం."

"ఇలా రండి. ఇక్కడ చెయ్యి పెట్టండి."

శివనాగరాజు తన చేతిని చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో ఎర్రగా ఉంది. ప్యాంటుకి తుడిచి, మళ్లీ తుడిచి, కూతురి ఛాతీ మీద మెల్లిగా ఆనించాడు. అరచేతి కింద సన్నగా అదురుతోంది. గుండె కొట్టుకోవడం కాదది. దాని పైన ఇంకేదో, ఇరుకు సందులోంచి నీళ్లు తోసుకొస్తే గొట్టం వణికినట్టు. ఒక్కసారి ఎత్తుకుని ఉంటే చాలు, ఈ చేతికి తెలిసేది. పనికిరాని టిక్కీలన్నిటిలోనూ దూరిన చెయ్యి.

అదే సాయంత్రం స్కాను తీశారు. తెర మీద బూడిద రంగు నీడలు కదులుతుంటే ఫిజా వేలితో చూపించింది. "గుండె నుంచి ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే చోట ఒక వాల్వు ఉంటుంది, తలుపు లాంటిది. మీ పాపకి అది పుట్టుకతోనే సరిగా విచ్చుకోలేదు. సన్నటి సందు ఉందంతే. ఆడినా పరిగెత్తినా గుండె ఆ సందులోంచి రక్తాన్ని తోయలేక అలిసిపోతోంది. ఇక ఆలస్యం చేయకూడదు."

"మరి మిరప ఘాటండీ?"

"దానికీ దీనికీ సంబంధం లేదు. మీరు మల్లెపూలు అమ్మినా ఇది ఇలాగే ఉండేది."

శివనాగరాజు తలూపాడు. ఇంకా ఊపుతూనే ఉన్నాడు. సంతోషించాలో ఏడవాలో తేల్చుకునేదాకా తలకి వేరే పని దొరకలేదు.

ఇంటిల్లిపాదీ వచ్చారు. ప్రేమ్‌చంద్ రిపోర్టుని కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. "నాకు మొదట్నుంచీ డౌటే బావా. ఎవరూ నా మాట వినలేదుగానీ," అన్నాడు. సామ్రాజ్యం ఆసుపత్రి గోడల్లో మంచి గోడ ఒకటి చూసుకుంది.

"పుట్టుకతోనే అంటున్నారు. మా వైపు చూస్తే అందరూ రాయిలాంటి మనుషులు. వాళ్ల వైపు మేనత్త ఒకావిడ చిన్నతనంలోనే పోయిందని విన్నాను. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు."

ఒక గంటలోపే శివనాగరాజు నేరం వృత్తిలోంచి వంశంలోకి మారిపోయింది.

"ఆవిడ బావిలో జారిపడిందే అమ్మా," అంది దీప్తి. "ఎవరి వల్లా రాదని డాక్టరమ్మ చెప్తోందిగా. ఊరుకో."

ఆ ఇంట్లో 'ఊరుకో' అనే మాట సామ్రాజ్యం వినడం అదే మొదలు. ఆవిడ గోడ వైపు నుంచి తిరిగి కూతురి వైపు చూసి, కొబ్బరికాయ కొట్టొస్తానని వెళ్లిపోయింది.

దీప్తి బెంచీ మీద భర్త పక్కన కూర్చుంది. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా ఉంది. "పడుకోబెట్టేటప్పుడు చేతికి తెలిసేదండీ నాకు, గురగురమని," అంది. "కఫం అనుకున్నాను. రోజూ విక్స్ రాశాను దాని మీద."

"నీకేం తెలుసు? నాకేం తెలుసు?"

"మిమ్మల్ని పంపించినప్పుడైనా నేను అడ్డం చెప్పాల్సింది."

అతనేమీ అనలేదు. అనొచ్చు. అనే హక్కు ఆ క్షణంలో పుష్కలంగా ఉంది. కానీ ఆమె చేతి వేళ్లకి ఇంకా సుద్దముక్క పొడి అంటుకుని ఉంది, క్లాసులోంచి అలాగే పరిగెత్తుకొచ్చింది.

సోమవారం చేద్దామన్నారు. కోత అక్కర్లేదు, తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి, వాల్వు దగ్గర బెలూను ఉబ్బించి తెరుస్తారట. బెలూననేసరికి సామ్రాజ్యం, మంచంలో ఉన్న పిల్లకి వినపడేలా, "లోపల పేలితేనో?" అని అడిగింది. పేలదని చెప్పడానికి ఇద్దరు డాక్టర్లు కావలసి వచ్చింది. ఈ నాలుగు రోజులూ శివనాగరాజు సాయంత్రం దాకా ఆసుపత్రిలో ఉండి, తర్వాత కొట్టు మీది గదికే వెళ్లాడు. ఇంటికి రమ్మని ఎవరూ అనలేదు. రావద్దని కూడా అనలేదు. తప్పు ఒప్పుకోవడం కంటే మర్చిపోయినట్టు ఉండటం తేలికని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అతనికి కూడా తెలుసు, అతనూ ఆ ఇంటివాడేగా.

సోమవారం పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పిల్లని లోపలికి తీసుకెళ్లారు. మధ్యాహ్నానికి డాక్టరు బయటికొచ్చి వాల్వు బాగా తెరుచుకుందని చెప్పాడు. ప్రేమ్‌చంద్ అందరికీ ఫోన్లు చేసి, తను దగ్గరుండి చేయించినట్టు చెప్పాడు.

లోపలి గదిలోకి ఒక్కరినే రానిస్తామంది నర్సు. జాస్మిన్ అని పిలుస్తున్నారు ఆ అమ్మాయిని. "పాప కుడికాలు మడవకూడదు. మడిస్తే నరం దగ్గర రక్తం కారుతుంది. మత్తు వదిలాక పిల్లలు ఊరుకోరు, తన్నేస్తారు. చెప్పేదాకా మోకాలి దగ్గర నొక్కి పట్టుకుని కూర్చోవాలి. ఎవరుంటారు?"

సామ్రాజ్యం వెళ్లింది. పిల్ల "అమ్మమ్మా నొప్పి" అనగానే చెయ్యి తీసేసి కళ్లు ఒత్తుకుంది. జాస్మిన్ బయటికి పంపేసింది. దీప్తి వెళ్లింది. పిల్ల ఏడిస్తే తనూ ఏడ్చింది, ఆ ఏడుపులో పట్టు జారింది. ప్రేమ్‌చంద్‌కి అప్పుడే ఎవరో ఫోను చేశారు.

"మీరు పాపకి ఏమవుతారు?" అంది జాస్మిన్ గోడ పక్కన నిలబడిన శివనాగరాజుని.

"నాన్ననండి."

"మరి అక్కడ నిలబడ్డారేం? రండి."

అతను స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ చిన్న మోకాలి మీద పెట్టాడు. టిక్కీ నోరు బిగించినంత గట్టిగా కాదు. వదులుగానూ కాదు. బిందుమాధవి కళ్లు విప్పి చూసింది. తండ్రి. ఇంత దగ్గరగా. వెంటనే నోరు మూసుకుని, బుగ్గలు పూరించి, గుడ్లు మిటకరించింది. క్షణాలు పోతున్నాయి. మొహం కందుతోంది.

"సిస్టర్! సిస్టర్, ఊపిరాడట్లేదు పాపకి!"

జాస్మిన్ పరిగెత్తుకొచ్చి మానిటరు చూసింది, పిల్లని చూసింది. "ఊపిరాడకపోవడమేంటి, బిగబట్టింది. ఏయ్ బిందూ, వదులు!"

పిల్ల బుస్సున వదిలింది. ఆయాసపడింది. శివనాగరాజుకి ఆ ఆయాసం బాగా తెలుసు. రోజూ జాలీ అవతల చూసిందే.

"ఎందుకమ్మా బిగబట్టావు?"

"నువ్వు దగ్గరికొస్తే బిగబట్టమంది అమ్మమ్మ. ఘాటు లోపలికి పోకుండా."

"ఎప్పట్నుంచి?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఎప్పుడూ." తర్వాత కాస్త గర్వంగా, "ఒక్కసారి కూడా మర్చిపోలేదు నాన్నా. నువ్వు వెళ్లేదాకా పీల్చేదాన్ని కాదు. ఒక్కోసారి నువ్వు చాలాసేపు ఉండేవాడివి" అంది.

శివనాగరాజు చేతులు మోకాలి మీదే ఉన్నాయి. అవి కదలకూడదు గనక కదల్లేదు. కళ్లు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. ముక్కు భుజానికి రాసుకున్నాడు.

"ఇప్పుడు పీల్చమ్మా."

"ఘాటో?"

"నేను చూసుకుంటాను. పీల్చు."

ముందు కొంచెం పీల్చింది, రుచి చూసినట్టు. తర్వాత ఇంకొంచెం. చొక్కా కాలరు వైపు ముక్కు పెట్టి వాసన చూసింది. "సబ్బు వాసనొస్తోంది," అంది నిరాశగా.

మెలకువ పూర్తిగా వచ్చాక గొడవ మొదలుపెట్టింది. కాలు దురద. కాలు తిమ్మిరి. మడుచుకుంటాను, ఒక్కసారి, కొంచెమే. తన్నబోయింది. అతను పట్టు వదల్లేదు. యార్డులో బుడే అనే కుర్రాడు ఎద్దు మీద ఎక్కి పడిన సంగతి చెప్పాడు. అంకారావు మావయ్య తుమ్మితే పావురాలు లేచిపోతాయని చెప్పాడు. డాన్సులో ముందు వరసలో ఎవరెవరున్నారో అడిగాడు. పిల్ల అన్నీ చెప్పింది. మధ్యలో ఆగకుండా, పెద్ద గొంతుతో, పక్క మంచాలవాళ్లు తిరిగి చూసేలా. అన్నం తినొస్తారా అని దీప్తి తలుపు దగ్గర్నుంచి సైగ చేసింది. తర్వాత అన్నట్టు తలూపాడు. వేళ్లు మొద్దుబారాయి, నడుము పట్టేసింది. తలుపుకున్న అద్దంలోంచి సామ్రాజ్యం చూస్తోంది. చూసి చూసి, వెనక గోడ ఉన్నా దానివైపు తిరగకుండా నిలబడింది.

కిటికీ బయట ఎండ తగ్గింది. జాస్మిన్ వచ్చి కట్టు చూసి, "అయిపోయిందండీ, ఇక వదిలేయొచ్చు. బిందూ, కాలు మడుచుకో ఇక," అంది.

శివనాగరాజు చేతులు తీశాడు. మోకాలి మీద వేళ్ల గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి.

బిందుమాధవి కాలు మడవలేదు. అలాగే చాపి ఉంచింది.

"ఏంటమ్మా? ఇంతసేపూ మడుస్తానని గోల చేశావుగా," అంది జాస్మిన్.

"నేను మడవను," అంది పిల్ల.

తండ్రి వైపు చూడకుండా, పైకప్పు వైపు చూస్తూ, కాలు ఇంకాస్త నిటారుగా బిగించింది. అతను స్టూలు దగ్గరికి జరుపుకుని, చేతులు మళ్లీ అక్కడే పెట్టాడు.